బాపు దవడకు కట్టిన పట్టీ

గురక ఆపే సామాన్ల మాట నా ముందు ఎత్తొద్దు. మొన్న మా మనవరాలు ఫోన్‌లో ఏదో చూపించి, "అమ్మమ్మా, ఇది పెట్టుకుంటే గురక రాదట, హాయిగా నిద్ర పడుతుందట" అంది. గురక రాకపోవచ్చు. హాయిగా నిద్ర పడుతుందని ఎవడు చెప్పాడు? ఆ చెప్పినవాణ్ని తెచ్చి నా ఎదురుగా కూర్చోబెడితే, పదమూడేళ్ల వయసులో నేను రోజూ పొద్దున లేచి కడిగిన రబ్బరు ముక్క సంగతి వాడికి చెబుతాను. ఆ తర్వాత వాడు అన్నం తినగలిగితే తిననీ.

అరవైల మొదటి రోజులవి. మేం కొత్తవాడ అనే నేతపనివాళ్ల పేటలో ఉండేవాళ్లం. జంపఖానాలు నేసే కార్ఖానాలో మా బాపు నూలుకు రంగులు వేసేవాడు. మరిగే రంగునీళ్ల గంగాళంలో నూలు కట్టలు ముంచి, కర్రతో తిప్పి, పిండి, దండేల మీద ఆరేయడం ఆయన పని. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. ఆ ఆవిరి కొట్టి కొట్టి కళ్లు ఎర్రబడి ఉండేవి. ఆ ఎర్రకళ్లే చివరికి ఆయన కొంప ముంచాయి.

ఇక ఆయన గురక. మా ఇల్లు ఒకటే గది, ముందు చిన్న అరుగు. పక్కింటికీ మాకూ మధ్య ఒకటే గోడ. బాపు పడుకున్నాడంటే ఆ సంగతి వాడకట్టు మొత్తానికి తెలిసేది. చప్పుడు చిన్నగా మొదలై, పెరిగి పెరిగి, ఉన్నట్టుండి ఆగిపోయేది. వాడకట్టు పిల్లలు ఆ చప్పుడుకు నవ్వేవాళ్లు. నాకు మాత్రం అది ఆగినప్పుడే భయం. గురకతో పాటు ఊపిరీ ఆగేది. అమ్మ మోచేతి మీద లేచి ఆయన ఛాతీ వైపు చూస్తూ ఉండేది. కాసేపటికి నీళ్లలో మునిగినవాణ్ని జుట్టు పట్టి పైకి లాగినట్టు ఒక్కసారిగా గాలి పీల్చుకుని, మళ్లీ మొదలుపెట్టేవాడు. పొద్దున లేచేసరికి ఎవరో చితకబాదినట్టు ఉండేది ఆయన మొహం. ఇక పగలంతా ఎక్కడ కూర్చుంటే అక్కడే కునుకు. అన్నం ముద్ద చేతిలో ఉండగానే తల వాలిపోయేది. గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగే జబ్బు ఒకటి ఉందని, అలాంటివాళ్లు రాత్రంతా పడుకున్నా నిద్రపోనట్టేనని నాకు తెలిసేసరికి నాకే మనవలు పుట్టారు.

మాది క్రైస్తవ కుటుంబం. మా గుడి చిన్నది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క జంపఖానాల మీద కూర్చునేవాళ్లం. ఆ జంపఖానాల్లో సగం మా బాపు రంగు వేసిన నూలువే. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉండేది, ప్రభువు పేరున అందరం రొట్టె పంచుకునే ఆరాధన. రొట్టె ముక్కల పళ్లెం పట్టుకుని మగవాళ్ల వరసల్లో తిప్పే పని బాపుది. చదువు లేదు, ఆస్తి లేదు, పాట పాడే గొంతు కూడా లేదు. ఆయనకు ఉన్న గౌరవమంతా ఆ పళ్లెంలోనే ఉండేది. ముందు రోజు సాయంత్రం నిమ్మచెక్కతో, ఇటుక పొడితో మోచేతులు తోముకునేవాడు. రంగు చేతులతో రొట్టె ముట్టకూడదని ఆయనకు ఆయనే పెట్టుకున్న నియమం అది. తోలు లేచిపోయేదాకా తోముతున్నాడని అమ్మ తిట్టేది.

అలాంటి మనిషి ప్రసంగం మొదలైన కాసేపటికే గురక పెట్టేవాడు. పాస్టరు అయ్యగారు ప్రసంగం ఆపి ఆయన వైపు చూసేవారు. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు. ఒక బల్ల ఆదివారం నాడు పళ్లెం ఒళ్లో పెట్టుకుని పాట అయిపోవడం కోసం కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. పళ్లెం ఒరిగి రొట్టె ముక్కలన్నీ జంపఖానా మీద పడ్డాయి. బాపు ఉలిక్కిపడి లేచి, మోకాళ్ల మీద పడి, ఒక్కొక్క ముక్కే ఏరుకున్నాడు. సాయం చేయడానికి ఒక్కడూ వంగలేదు. అంతమంది పెద్దమనుషులు చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సాయంత్రమే సంఘ పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయనకు బజారులో కిరాణా దుకాణం ఉండేది. ఆయన మాటకు ఎదురు ఉండేది కాదు.

"ఎర్రకండ్లు, తూలుడు, పొద్దుగాలనే నిద్ర. ఇంకేం సాక్ష్యం గావాలె? కల్లు గాక ఇంకేంది?" అన్నాడట.

మా బాపు జీవితంలో కల్లు ముట్టలేదు. వాళ్ల నాయన తాగి తాగి పోవడం కళ్లారా చూసిన మనిషి. అయినా బాపును బల్ల నుంచి ఆపారు. అంటే పళ్లెం పోవడమే కాదు. తలుపు దగ్గర, చెప్పులు విడిచే చోట, చివరి జంపఖానా మీద కూర్చోవాలి. రొట్టె అందరికీ వస్తుంది, ఆయన ముందు నుంచి ఆగకుండా పోతుంది. మా సంఘంలో తాగుబోతులకు, పెళ్లాలను కొట్టేవాళ్లకు ఉండే స్థలం అది. బాపు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. "తిండి లేకున్న బతుకుత. బల్ల లేకుంట ఎట్ల బతకాలె?" అని అమ్మతో అన్నాడు. మర్నాడే అమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లింది.

"అన్నా, ఆయన తాగడు. గురక తోటి రాత్రి ఊపిరాడది, నిద్ర ఉండది. అందుకే పగటీలి కునుకుతాండు" అంది.

ఆయన పప్పు తూకం వేస్తూ నవ్వాడు. "గురక పెట్టెటోడు నిద్రపోలేదంటే ఎవడు నమ్ముతడు చెల్లె? మొద్దు నిద్ర పడితెనే గద గురకొచ్చేది!"

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. వాళ్లే కాదు, ఆ రోజుల్లో అందరూ అలాగే అనుకునేవాళ్లు. గురక పెట్టేవాడు సుఖంగా నిద్రపోతున్నాడని, పాపం పక్కన పడుకున్నవాళ్లకే కష్టమని. అమ్మ కదలకుండా నిలబడేసరికి ఆయన తక్కెడ పక్కన పెట్టి, "సరే, నీ మాటే గానీ. ముందుగాల గురక ఆపుండ్రి. మేమొచ్చి చూస్తం. గురక ఆగినంక నిద్ర గూడ ఆగితే తాగనట్టే. ఆగకపోతే మాత్రం ఇగ మాట్లాడొద్దు" అన్నాడు. అమ్మ సంతోషంగా తల ఊపింది. అది ఉరితాడని అమ్మకు తెలియలేదు, నాకూ తెలియలేదు.

మొదట బాపు బనీను వెనక నూలు చుట్టే కండె ఒకటి పెట్టి కుట్టాం. వెల్లకిలా పడుకుంటే అది వెన్నులో గుచ్చుకుని పక్కకు తిరుగుతాడని అమ్మ ఆలోచన. బాపు తిరగలేదు. దాని మీదే పడుకుని గురక పెట్టాడు. వారానికల్లా వీపు మీద నల్లగా కమిలిపోయింది.

తర్వాత పట్టీ. కార్ఖానాలో బాపు దోస్తు ఒకాయన రెండు వేళ్ల వెడల్పున గట్టిగా నేసి ఇచ్చాడు. గడ్డం కింద నుంచి నడినెత్తికి తీసి ముడి వేస్తే నోరు తెరుచుకోదు. దాన్ని చూడగానే అమ్మ రెండడుగులు వెనక్కు వేసింది. "చచ్చినోళ్లకు గడితరు గట్ల. నా చేతుల తోటి నేను గట్ట" అంది. మా వైపు ప్రాణం పోయిన మనిషికి మొదట చేసే పని దవడ కట్టడమే. అలా ఆ పని నా నెత్తిన పడింది. రోజూ బాపు చాప మీద కూర్చుని, గడ్డం పైకెత్తి, కళ్లు మూసుకునేవాడు. నేను ముడి వేసేదాన్ని. "జర గట్టిగ గట్టు బిడ్డా" అనేవాడు. పొద్దున విప్పేసరికి పట్టీ చొంగతో తడిసి పుల్లటి వాసన కొట్టేది. దవడల మీద నేత గుర్తులు పడేవి.

చప్పుడు తగ్గింది కాని పోలేదు. అప్పుడు వచ్చింది మహత్తరమైన ఆ మూడో వస్తువు. వారపత్రికలో ప్రకటన చూసి అమ్మ నాతో కార్డు రాయించింది. ప్రకటనలో మీసాలాయన ఒకడు మెత్తటి దిండు మీద నవ్వుతూ నిద్రపోతున్న బొమ్మ. నిద్రలో ఎవడైనా అలా పళ్లు బయటపెట్టి నవ్వుతాడా? పోస్టులో చిన్న డబ్బా వచ్చింది. అందులో గుర్రపు నాడా ఆకారంలో ఎర్రటి రబ్బరు ముక్క. పెదాలకూ పళ్లకూ మధ్య పెట్టుకోవాలట. సైకిల్ ట్యూబు వాసన. మొదటి రోజు బాపు రెండుసార్లు కక్కుకున్నాడు. మూడోసారి పెట్టుకుని, దాని మీద పట్టీ కట్టించుకున్నాడు.

పొద్దున దాన్ని తీసి నా చేతిలో పెట్టేవాడు. జిగట, తీగలు తీగలుగా సాగే చొంగ, చిగుళ్లు ఒరుసుకుపోయి వచ్చిన నెత్తురు చారలు, రాత్రి తిన్న కూర వాసన. బూడిద పెట్టి తోమినా వేళ్లకు అంటుకున్న ఆ జిడ్డు పోయేది కాదు. బడిలో పుస్తకం పట్టుకుంటే వేళ్ల నుంచి అదే వాసన. సద్ది తినబుద్ధి అయ్యేది కాదు. నాకు రోత పుట్టింది. రబ్బరు ముక్క మీద పుట్టిన రోత మెల్లగా బాపు నోటి మీదికి పోయింది. ఆయన మాట్లాడుతుంటే ఆ పెదాలు చూడలేక తల తిప్పుకునేదాన్ని. ఆయనకు ఆ సంగతి తెలుసు. నా ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు.

ఇన్ని చేశాక గురక నిజంగానే ఆగింది. ముక్కులోంచి సన్నటి మూలుగు మాత్రం వచ్చేది. పక్కింటివాళ్లు సంతోషించారు. కాని బాపు మెడ నరాలు ఉబ్బేవి, మొహం నల్లబడేది. పగలు కునుకు ఇంకా ఎక్కువైంది. ఒకరోజు కర్ర తిప్పుతూ తిప్పుతూ కునికి, ఎడమ చెయ్యి మరిగే గంగాళంలో పెట్టాడు. బొబ్బలెక్కిన చేతికి దవాఖానలో కట్టు కట్టించుకుని వచ్చాడు. అమ్మ ఏడుస్తూ ఆ సామానంతా పారేస్తానంది.

"ఈ ఐతారం దాక ఓర్సుకుంట. పెద్దలు చూసి పోనీ" అన్నాడు బాపు.

ఆదివారం మధ్యాహ్నం పెద్దాయన, ఇంకో ఇద్దరు వచ్చారు. మా గదిలో పీటలు వేసుకుని కూర్చున్నారు. బాపు వాళ్ల ముందే రబ్బరు ముక్క నోట్లో పెట్టుకుని, నా చేత దవడ కట్టించుకుని, చాప మీద పడుకున్నాడు. ముగ్గురు మగవాళ్లు చాయ్ తాగుతూ, బిస్కెట్లు నములుతూ, ఒక మనిషి నిద్రపోవడం చూశారు. బాపు పెదాల చివర నుంచి చొంగ కారుతుంటే ఒకాయన మొహం చిట్లించాడు. చిట్లించి ఇంకో బిస్కెట్ తీసుకున్నాడు. చాలాసేపు చూశారు. గురక రాలేదు.

"శెబ్బాష్! ఆగింది. ఇగ ఫికర్ లేదు చెల్లె" అని పెద్దాయన లేచాడు.

తర్వాతి ఆదివారం ప్రసంగం సగం కాకముందే బాపు తల గోడకు వాలింది. పెద్దాయన అక్కడి నుంచే అమ్మ వైపు చూశాడు. ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర అందరూ వినేటట్టు అన్నాడు.

"గురక ఆగింది. ముగ్గురం కండ్లార చూసినం. మరి గీ నిద్ర ఏడికెళ్లి వచ్చింది? ఇప్పుడు జెప్పు చెల్లె, తాగలేదని జెప్పు."

అమ్మ కొంగు నెత్తిన కప్పుకుని ఇంటిదారి పట్టింది. బాపు తాగడనడానికి మేం తెచ్చిన సాక్ష్యమే ఆయన తాగుతాడనడానికి సాక్ష్యమైంది. ఇంటికి వచ్చి పట్టీ, రబ్బరు, బనీను అన్నీ పొయ్యిలో పడేసింది. ఆ కంపు రెండు రోజులు ఇంట్లోంచి పోలేదు.

నాలుగు నెలలు బాపు చెప్పుల పక్కన కూర్చున్నాడు. పళ్లెం నాలుగుసార్లు ఆయన ముందు నుంచి పోయింది. ఐదో నెల బల్ల రోజు, అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టబోతుంటే బాపు లేచి నిలబడ్డాడు. తోమి తోమి చేతులు ఎర్రగా ఉన్నాయి.

"నేను కల్లు తాగిన. ఇన్ని దినాలు అబద్ధమాడిన. నన్ను మాఫ్ చేయుండ్రి" అన్నాడు.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగేటట్టు పట్టుకుంది. అయ్యగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి బాపును కౌగిలించుకున్నారు. ఎంత సంతోషం వాళ్లకు! ఒకాయన స్తోత్రం అన్నాడు, ఇంకొకాయన పాట ఎత్తుకున్నాడు. పెద్దాయన స్వయంగా చెయ్యి పట్టి బాపును ముందు వరసకు తీసుకుపోయాడు. రొట్టె ఇచ్చారు. బాపు తిన్నాడు.

ఇంటికి వచ్చాక అడిగాను. "ఎందుకు బాపూ, తాగలేదు గద నువ్వు?"

"తాగినోనికి మాఫీ ఉన్నది బిడ్డా. ఊకెనే నిద్ర వచ్చేటోనికి ఏముంటది?" అన్నాడు, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

మాఫీ ఊరికే రాలేదు. అప్పటి నుంచి ప్రతి శనివారం సాయంత్రం పెద్దాయన మా ఇంటికి వచ్చేవాడు. బాపు ఆయన ముందు నిలబడి నోరు తెరిచేవాడు. ఆయన మొహం దగ్గరగా పెట్టి, ముక్కు ఎగబీల్చి, కల్లు వాసన ఉందేమో చూసేవాడు. లేదని తేలాక తల ఊపి, "గట్ల ఉండాలె" అనేవాడు. అమ్మ ఆ కాసేపూ ఇంటి వెనకకు వెళ్లిపోయేది. నేను పోయేదాన్ని కాదు. కొన్ని శనివారాలు ఓర్చుకున్నాను. ఒకనాడు ఓర్చుకోలేక, "జర మీరు గూడ నోరు తెరువుండ్రి, నేను వాసన జూస్త" అన్నాను.

బాపు నా చెంప మీద లాగి కొట్టాడు. ఆయన నన్ను కొట్టింది బతుకులో అదొక్కసారే. నేనింకా చెంప మీద చెయ్యి తీయలేదు, బాపు పెద్దాయన వైపు తిరిగి, "చిన్నపోరి, మనసుల పెట్టుకోకుండ్రి అన్నా" అని మళ్లీ నోరు తెరిచాడు.