సేవ్ కాని ఫైలులో మిగిలిన పేరు

పాస్టరయ్యగారు కంప్యూటరు మీద చేయి వేసి ప్రార్థించగానే అందులోని దురాత్మ కేక వేసి పారిపోయిందని, ఆ క్షణంలోనే ఫైలు బాగయిందని మన సంఘంలో చెప్పుకుంటున్నారు, సహోదరులారా! అది తప్పు. అయ్యగారు ప్రార్థించింది బుధవారం, ఫైలు సేవ్ అయింది గురువారం, మధ్యలో కేకలు వేసింది ఎవరైనా ఉంటే అది నేనే, అదీ పాపం నాతో పనిచేసే సునీత మీద. జరిగింది జరిగినట్టు చెప్తే దేవునికి మహిమ, మనం ఉప్పూకారం కలిపితే ఆయనకు ఎక్కువయ్యేది ఏమీ లేదు. అందుకే ఈ సాక్ష్యం నేనే రాస్తున్నాను.

నా పేరు విమల. ఇబ్రహీంపట్నంలో ఒక చిన్న ట్రస్టు దవాఖానలో రక్తదాతల పట్టిక చూసే పని నాది. ఎవరిది ఏ గ్రూపు, ఎప్పుడు ఇచ్చారు, మళ్ళీ ఎప్పుడు ఇవ్వవచ్చు, అన్నీ ఒకే స్ప్రెడ్‌షీట్ ఫైలులో ఉంటాయి. గ్రూపు పేరు కొడితే చాలు, ఇవాళ ఇవ్వగలిగిన వాళ్ళ పేర్లు పైకి వచ్చేటట్టు సూత్రాలన్నీ నేనే కష్టపడి రాసుకున్నాను. డిగ్రీ చదివాను, ఎవరి సాయమూ అక్కర్లేదు అనే గర్వం కూడా ఉండేది, దాచను.

కందుకూరు దగ్గరి పల్లె నుంచి లక్ష్మి అనే తల్లి తన బిడ్డ కావ్యను మా దగ్గరికి తెస్తుంది. ఏడేళ్ళ పిల్ల, ఒంట్లో రక్తం నిలవదు, మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఓ నెగటివ్, అంత తేలికగా దొరికే గ్రూపు కాదు. ఆ శుక్రవారం ఎక్కించాలి, అంటే గురువారం నాలుగు గంటలలోపు దాత రావాలి, పరీక్షలు చేసే టెక్నీషియన్ ఆ తర్వాత ఉండడు.

అంతా సోమవారం మొదలైంది. ఉపవాస ప్రార్థనలో వచ్చిన వాగ్దాన వాక్యాన్ని పొద్దున్నే ఆ ఫైలు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో పెట్టి, ముందు గదిలో కూర్చునే సునీతతో, "ఈ వాక్యం వారమంతా తెరమీద కనబడాలె, వచ్చిపోయేటోళ్ళు చదువుకోవాలె, ఎవలూ మూసెయ్యొద్దు" అని ఆజ్ఞ ఇచ్చి, వెనక గదిలోని నా కంప్యూటరు దగ్గరికి వెళ్ళాను. ఆ మాట గుర్తు పెట్టుకోండి.

మధ్యాహ్నం బస్టాండు దగ్గర చేపలు అమ్మే యాదగిరితో గొడవ అయింది. యాదగిరి మా దాత, నాలుగుసార్లు ఇచ్చినవాడు. చేపలు తూస్తుంటే ఊరుకోక, ఆదివారం చర్చికి రమ్మని, రాకపోతే ఏమవుతుందో కూడా చెప్పాను. "సిస్టర్, చాప కొనెటప్పుడు చాప కొను, నా ఆత్మను బేరం జెయ్యకు" అన్నాడు! చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. "నీ పేరు మా పట్టికల నుంచి కొట్టేస్త చూడు" అని వచ్చేసి, నిజంగానే ఫైలు తెరిచి, అతని వరస మొత్తం తీసేసి, సేవ్ నొక్కాను.

సేవ్ కాలేదు! ఈ ఫైలు చదవడానికి మాత్రమే తెరిచి ఉందట, కావాలంటే వేరే పేరుతో నకలు దాచుకోమంటుంది. ఫైలును అడ్మిన్ వాడుతున్నాడని తెరిచేటప్పుడే ఒక ముక్క వచ్చింది. అడ్మిన్ ఎవరు, నేనే కదా! నా కంప్యూటరు పేరే అడ్మిన్. యంత్రంతో కూడా వాదించాను, సహోదరీలారా.

మంగళవారం తెరిస్తే మళ్ళీ యాదగిరి! మళ్ళీ కొట్టేశాను. బుధవారం మళ్ళీ! సాతాను నన్ను వెక్కిరిస్తున్నాడు అనుకున్నాను. అసలు భయం అది కాదు. ఈ మూడు రోజుల్లో ఎవరు రక్తమిచ్చారో ఎక్కించిందేదీ అసలు ఫైలులో నిలవలేదు, నకళ్ళేమో 'కొత్తది', 'అసలైన కొత్తది', 'ఇదే చివరిది' అని మూడు తయారై ఒకదానిలో ఉన్నది ఇంకోదానిలో లేదు. సోమవారమే ఇచ్చి వెళ్ళిన అతనికి ఫోన్ చేస్తే, "మొన్ననే ఇచ్చిన గద అక్కా, నన్ను పిండుతవా ఏంది?" అన్నాడు. సునీత మీద అరిచాను, ఫైలు ముట్టుకున్నావా అని, పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అయ్యగారు వచ్చి ప్రార్థించి వెళ్ళారు, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాను, ఏమీ మారలేదు.

గురువారం పదకొండింటికి లక్ష్మి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. కావ్య పెదవులు తెల్లగా ఉన్నాయి, మెట్టు ఎక్కలేకపోయింది. 'ఇదే చివరిది'లో ఓ నెగటివ్ అని కొట్టాను. ఒక్క పేరు కూడా రాలేదు. గుర్తున్న ఇద్దరికీ ఫోన్ చేశాను, ఇద్దరూ ఈ మధ్యే ఇచ్చారు. తెలిసిన బ్లడ్ బ్యాంకులకు చేశాను, లేదన్నారు. "దొరుకుతది గద సిస్టర్?" అని లక్ష్మి అడిగిందే అడుగుతుంటే లేదన్న ఆ బ్యాంకులకే మళ్ళీ ఫోన్లు చేశాను.

ఇక నిలబడలేక ముందు గదిలోకి వచ్చి, సునీత బల్ల ముందు, ఆ వాక్యం ముందు మోకరించాను. "ప్రభువా, నాకు తెలిసిందంతా అయిపోయింది, నా చదువు అయిపోయింది, ఈ ఫైలును సేవ్ చేయి, ఈ బిడ్డను రక్షించు, నా తప్పు ఏదైనా అడ్డం ఉంటే నాకు చూపించు తండ్రీ!" అని ఏడ్చి కళ్ళు తెరిచాను.

చూపించాడు! ఎదురుగా తెర మీద వాక్యం, వాక్యం కింద పేజీల పేర్లు: దాతలు, తేదీలు, గ్రూపులు. అది నా ఫైలే! మూడు రోజులుగా తెరిచి ఉన్నది ఇక్కడ! రెండు కంప్యూటర్లనూ బిగించినవాడు రెండింటికీ ఒకటే పేరు పెట్టి పోయాడు, ఆ అడ్మిన్ నేను కాదు, ఇది. రెండింటిలోనూ తెరుచుకునేది ఆ ఒక్క ఫైలే, ఒకచోట తెరిచి ఉన్నంతసేపు ఇంకోచోట సేవ్ కాదు.

"దీన్ని ఎందుకు మూసెయ్యలేదే?" అన్నాను.

"మీరే గదక్కా ఎవలూ మూసెయ్యొద్దన్నది" అంది సునీత, మెల్లగా.

దేవునికే మహిమ! నా తప్పు నా భక్తి వేషంలో కూర్చుని ఉంది. సునీతకు అక్కడే, అందరి ముందే క్షమాపణ చెప్పాను. ఆమె ఫైలు మూసింది, నేను వెనకకు పరుగెత్తి తెరిచి, ఈ మూడు రోజుల దాతలు నింపిన కాగితాల మీది వివరాలన్నీ ఎక్కించి, సేవ్ నొక్కాను. అయింది. ఓ నెగటివ్ అని కొట్టాను. ఒకే ఒక్క పేరు వచ్చింది.

యాదగిరి.

నిజం చెప్తున్నాను, అలవాటు మీద నా వేలు ముందు కొట్టేసే మీట మీదికే పోయింది. మూడు రోజులూ నాకు ఆ వరసలో మనిషి కనబడ్డాడు, గ్రూపు కనబడలేదు. వేలు వెనక్కి తీసుకుని ఫోన్ చేశాను.

"చెప్పు సిస్టర్. నా పేరు కొట్టేస్తనంటివి గద?"

"కొట్టేసిన అన్నా. మూడుసార్లు కొట్టేసిన. పోలే."

పెద్దగా నవ్వాడు. సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది. "పోరి ఎట్లున్నది? నేనొస్త గని, నా గంప ఎవలు జూస్తరు?"

"నేను జూస్త."

అలా నేను బస్టాండు దగ్గర గంట పైనే ఈగలు తోలుతూ చేపల గంప ముందు కూర్చున్నాను. నన్ను అక్కడ చూసి ఆశ్చర్యపోయిన సంఘపు అక్కలూ, ఇదీ కారణం. అతను వెళ్ళేముందు, "ఎవలన్న అడిగితె చాపల బేరమే జెయ్యి సిస్టర్" అన్నాడు. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో ఇదొక అద్భుతకార్యం, ఇంట్లోవాళ్ళను అడగండి!

శుక్రవారం పొద్దున కావ్యకు రక్తం ఎక్కింది. మధ్యాహ్నానికి మెట్లు తనే దిగింది. ప్రియమైనవారలారా, మీ పని మొరాయించి, చేతకాక, గుండె దడదడలాడే గడియలో ఆయన మీద ఆనుకోండి, మోకరించండి, కానీ కళ్ళు తెరిచాక ఎదురుగా ఏముందో కూడా చూడండి. నేను మొదట నొక్కినప్పుడే ఆ ఫైలు సేవ్ అయి ఉంటే యాదగిరి పేరు ఆ సోమవారమే పోయేది. ఆ మేలుకు నా దేవునికి నిండు మనసుతో స్తోత్రం చెల్లిస్తున్నాను.

అయినా ఒక్కటి నన్ను కూర్చోనివ్వడం లేదు. ఈసారి ఫైలు సేవ్ కాలేదు కాబట్టి ఒక పేరు మిగిలింది. మరి అన్నీ సరిగ్గా సేవ్ అయిన ఇన్నేళ్ళలో నేను కోపంతో కొట్టేసిన పేర్లు ఎవరెవరివి, ప్రభువా, వాళ్ళ కోసం ఎదురుచూసిన బిడ్డలు ఎవరు?