నాలుగో మీట

ఈరేష్ బిగించిన తీగకు ఎవరూ వంక పెట్టలేరు. నందికొట్కూరు బస్టాండు వెనక పాత టీవీలు విప్పి, పాడుచేసి, మళ్లీ బాగుచేసి నేర్చుకున్న పని అది. ఆ పనితనం చూసే, టీవీ ఎవరెవరు చూస్తున్నారో లెక్కగట్టే కంపెనీ అతన్ని పెట్టుకుంది.

కొన్ని ఇళ్లను ఎంచి టీవీ పక్కన ఒక చిన్న డబ్బా అమరుస్తారు. ఇంట్లో ఒక్కొక్కరికి రిమోటు మీద ఒక మీట ఉంటుంది. టీవీ చూసేటప్పుడు ఎవరి మీట వాళ్లు నొక్కాలి, నొక్కితే డబ్బా మీద ఆ అంకె దీపం వెలుగుతుంది. అట్లాంటి ఒక్కో ఇల్లు వేల ఇళ్ల తరఫున మాట్లాడినట్టు లెక్క. ప్రకటనలు ఆ లెక్క వెంట పోతాయి, కార్యక్రమాలు ప్రకటనల వెంట పోతాయి.

ఈరేష్ కింద పదకొండు ఇళ్లున్నాయి. పుల్లన్న ఇల్లు అందులో ఒకటి. పుల్లన్నది ఒకటో మీట. భార్యది రెండు, కొడుకుది మూడు, కోడలు శివజ్యోతిది నాలుగు.

నెలకోసారి మధ్యాహ్నం పూట పోయినప్పుడల్లా ఈరేష్ చూసేది ఒకటే. పుల్లన్న మంచం మీద కునుకు తీస్తుంటాడు. టీవీలో జాకెట్లు కుట్టడం నేర్పే అరగంట నడుస్తుంటుంది. వంటింటి గడప అవతల శివజ్యోతి చెవి మీద పెన్సిలు పెట్టుకుని రెప్పవేయకుండా చూస్తుంటుంది. ఆ ఇంట్లో కోడలు మామ ఎదుట కూర్చోదు. డబ్బా మీద మాత్రం ఒకటో దీపమే వెలుగుతుంటుంది.

"నీ మీట నొక్కలేదేమ్మా?" అని మొదట్లో ఒకసారి అడిగాడు.

"నేను సూసేదాన్ని కాదన్నా, ఊరికే నిలబడుకోని ఉండా. టీవీ ముందర కూసున్నోళ్లు నొక్కాలని నువ్వే జెప్తివి గదా."

ఈరేష్ నవ్వేసి తీగలు చూసుకుని, అంతా బాగుందని చీటీ రాసి వచ్చేశాడు. ఏడాదిన్నర అట్లే రాశాడు.

ఈ నెల పోయేసరికి పుల్లన్న మెలకువగానే ఉన్నాడు.

"ఏమప్పా ఈరేషా, నీ డబ్బాకు జరమా ఏంది, నెలనెలా వచ్చి నాడి పడతాండావు?"

గడప అవతల నుంచి శివజ్యోతి అందుకుంది. "అన్నా, ఆ కుట్టుపని వచ్చేది యాడికి పాయె? ఆ టైముకు మోకాళ్లనొప్పి నూనె సూపిస్తాండారు."

ఆమె చేతిలో చేతుల్లేని జాకెట్టు ఉంది. "ముందుభాగం, ఎనకభాగం అయిపాయె. చేతులు ఎక్కించేది రేపు జెప్తామనిరి. ఆ రేపు రానేలేదు. కూతురి పెండ్లికి పది జాకెట్లు నాకే ఇస్తానన్న మా ఈది సంతోషమ్మ, ఇది సూసి అన్నీ కర్నూలు టైలరుకు పంపిచ్చె."

ఈరేష్ డబ్బా వంక చూశాడు. జాకెట్ల పని చూసేది అరవై అయిదేళ్ల ముసలాయనని ఆ డబ్బా ఏడాదిన్నరగా చెబుతోంది. ముసలాయన కోసం దారం ప్రకటన ఎవరిస్తారు? ఒక్క ఇంటివల్ల కార్యక్రమం ఆగదని అతనికి తెలుసు. కానీ తన పదకొండిళ్లలో గడప అవతల నిలబడేవాళ్లను లెక్కేసుకుంటే అయిదుగురు తేలారు. అందరినీ కళ్లారా చూశాడు. తీగ బాగుంటే పని బాగున్నట్టే అనుకున్నాడు.

రిమోటు తీసుకుని గడప దగ్గరికి పోయాడు. "తప్పు నాదమ్మా. కూసున్నా నిలబడినా సూస్తే సూసినట్టే. ఆ మాట నేను మొదట్లోనే జెప్పాల్సింది. ఇదో, ఇది నీ మీట."

"నా కోడలికి ఉద్యోగమిస్తాండావా ఏమప్పా?" అన్నాడు పుల్లన్న.

శివజ్యోతి రిమోటు అందుకుంది. "నొక్కితే మళ్లా వస్తాదా అన్నా?"

అబద్ధం చెప్పడానికి ఈరేష్‌కు నోరు రాలేదు. "రాదమ్మా."

ఆమె టీవీలో నూనె సీసా వంక చూసింది. "ఇప్పుడు నేను సూడ్డంల్యా గదా," అని రిమోటు అతని చేతిలోనే పెట్టి లోపలికి పోయింది.

చీటీలో అలవాటుగా 'అంతా బాగుంది' అని రాయబోయి ఈరేష్ ఆగాడు. 'ఈ ఇంటి లెక్క ఏడాదిన్నరగా తప్పు. తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాడు. అది చూశాక కంపెనీ తనను ఉంచుతుందో లేదో తెలియదు.

తర్వాతి ఇంట్లో చెప్పులు విడిచి, టీవీ దగ్గరికి పోకుండా వంటింటి వైపు తిరిగాడు.

"ఈడ నిలబడి సూసేది ఎవరమ్మా?"