ఆయన దగ్గర ఉన్నది నేను కాదు

ముప్పై ఏళ్లకు పైగా ఒకావిడ నన్ను పొగుడుతోంది. విన్న ప్రతిసారీ నాకు ముద్ద దిగదు. ఎందుకో ఇంట్లో కూడా చెప్పలేదు. నీకు చెబుతున్నాను, విను.

తొంభైల మొదట్లో మెల్‌బోర్న్‌లో ఆసుపత్రి పాస్టరు పనికి శిక్షణ తీసుకుంటున్నాను. అందులో ఒక శవపరీక్ష చూడాలి. గుంటూరులో ఎంతమందిని సమాధి చేయించానో, నాకేం భయమని గొప్పలు పోయాను. ఆ వారమే మా తెలుగు చర్చి సంఘపు మనిషి ఒకాయన క్లేటన్ అనే శివారులో పనిచేస్తూ కుప్పకూలి చనిపోయాడు. కారణం తేలాలంటే కోయక తప్పదన్నారు. మట్టి చేసేదాకా మనవాళ్లు మనిషిని ఒంటరిగా వదలరు కదా! మీరు పక్కనుంటేనే అడ్డు చెప్పనంది ఆయన భార్య. ఉంటానని మాటిచ్చి, ఆ పరీక్షకే అనుమతి తెచ్చుకున్నాను.

అక్కడ నాలాగే చూడడానికి వచ్చిన శిక్షణలోని పోలీసులు, అంబులెన్సువాళ్లు, నర్సులు కూడా ఉన్నారు. బయట జోకులేసిన పోలీసులు లోపలికి రాగానే గోడకు అతుక్కుపోయారు. అంబులెన్సు ఇంకాస్త ముందొస్తే బతికేవాడా అని అంబులెన్సువాళ్లు డాక్టర్ని పదేపదే అడిగారు. ఒక నర్సు ఆయన పాదాలమీద దుప్పటి సర్దింది. నేను చేయాల్సింది ప్రార్థన. కానీ కళ్లు ఆయన చేతులమీద పడ్డాయి. ఆదివారం నా ఎదురుగా కూర్చుని పాటకు తాళం వేసే చేతులవి. కత్తి పెట్టకముందే బయటికి పరుగెత్తాను.

ఆ గదిలో పనిచేసే సహాయకురాలు, యాభై దాటిన తెల్లావిడ, నా వెనకే వచ్చింది. “నువ్వెళ్లు. ఆయన దగ్గర నేనుంటాను” అంది. అన్నట్టే ఉండిపోయింది. అందరూ వెళ్లాక తలుపు అద్దంలోంచి చూశాను. ఆయన తల కడిగి, జుట్టు దువ్వుతూ, ఇంట్లో మనిషితో మాట్లాడినట్టు మాట్లాడుతోంది.

సాయంత్రం ఆయన భార్య అడిగింది.

“అక్కడే ఉన్నారా అయ్యగారూ?”

“ఉన్నానమ్మా.”

“చివరిదాకా?”

“చివరిదాకా.”

ఆమెను ఓదార్చడానికే అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కాదు. నా పరువు కోసం. ఆ తెల్లావిడ తల్లిలా ఆయన పక్కనే ఉందని నిజం చెప్పినా ఆమెకు అంతే ఊరట దక్కేది కదా? మరి ఎందుకు చెప్పలేదు? అయ్యగారు పారిపోయాడని తెలిసిపోతుందని. ఛీ!

కానీ ఒకటి. తర్వాత ఆసుపత్రుల్లో ఎన్ని మంచాల పక్కన కూర్చున్నానో, ఒక్కచోట కూడా మధ్యలో లేచి రాలేదు. అది ఆ తెల్లావిడ పెట్టిన భిక్ష. పేరైనా అడగలేదు, కృతజ్ఞత చెప్పలేదు. ఎక్కడున్నా ఆవిడ కడుపు చల్లగుండాలి.

మొన్న కూడా ప్రార్థన కూటంలో ఆయన భార్య లేచి, నేను చేసిన మేలు తలచుకుని ఏడ్చింది. తల వంచుకుని వచ్చేశాను. క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. ఆమెకు చెప్పాల్సింది ముందు నీ దగ్గర పలికి చూస్తున్నాను.

అమ్మా, ఆయన దగ్గర నేను లేను. ఇంకొకావిడ ఉంది.