ఖాలా మేక ఏం తిన్నట్టు?

నా చిన్నప్పుడు, మేము శాలిబండలో ఉన్న రోజుల్లో, మా తమ్ముడి కడుపు నిండడం ఒక మేక మీద ఆధారపడి ఉండేది. అమ్మ టైఫాయిడ్‌తో మంచం పట్టింది. నెలల పిల్లవాడికి బర్రె పాలు పడలేదు. పట్టిన ప్రతిసారీ కక్కేసేవాడు. మేము ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే పక్కింటావిడ రోజూ తన మేక పాలు పిండి తెచ్చేది. వాడి ఒంటికి పట్టినవి అవొక్కటే.

ఆ రోజుల్లోనే మా తాతయ్య మాకు పచ్చగొంతు అనే జంతువు కథ చెప్పారు. గొర్రెంత ఎత్తు, కుందేలు చెవులు, పరమ సాధువు. కానీ తిన్న ఆకులోని విషమంతా దాని ఒంట్లో నిలిచిపోతుంది. దాన్ని తిన్న పులి చస్తుంది. దాని పాలు తాగిన కూనా చస్తుంది. అలాగైతే ఆ జాతి ఎట్లా మిగిలిందన్న ప్రశ్న ఆనాడు నాకు తోచలేదు. పిల్లలం గల్లీ చివర కూలిన గోడ దగ్గర జిల్లేడాకులు తుంచి ఆడుకునేవాళ్లం. ఆ ఆకుల పాలు కళ్లలో పడతాయని భయపడి ఆయన అల్లిన కథ అది.

ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ, ఖాలా మేక అదే జిల్లేడు పొదలో తల దూర్చి నమలడం చూశాను. దాని మూతికి తెల్లగా పాలు అంటి ఉన్నాయి. సాయంత్రం ఖాలా చెంబుతో గడప ఎక్కగానే ఎదురు పరుగెత్తాను. చెంబు లాక్కుని గుండెకు హత్తుకున్నాను.

"ఇయ్యను! మేక జిల్లేడు తిన్నది. తమ్ముడు సస్తడు!"

"అరె బేటీ, నా బక్రీని బద్నాం చేస్తున్నవా?" అని ఖాలా నవ్వింది. లోపల తమ్ముడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తున్నాడు.

తాతయ్య నా పక్కన కూర్చున్నారు. "పచ్చగొంతు లేదు బిడ్డా. నేనే కల్పించిన."

"నన్ను ఊకోబెట్టనీకి చెప్తున్నవ్ తాతా."

ఏ మాట కల్పించిందో, ఏది నిజమో నాకెట్లా తెలియాలి? చెంబు లాక్కోవడం ఆయనకు క్షణం పని. లాక్కోలేదు. "సరే, నా మాట నమ్మకు. పోయి చూద్దాం. గప్పటిదాంక పాలు పట్టం," అన్నారు. ఖాలా తమ్ముణ్ణి భుజాన వేసుకుని మా వెంటే నడిచింది.

పొద దగ్గర తాతయ్య నా చేతికో కర్ర ఇచ్చారు. ఏం చూడాలో మాత్రం చెప్పలేదు. కొమ్మలు రెండు విరిగి, కారిన పాలు ఎండి ఉన్నాయి. మేక మూతికి అంటినవి అవే. జిల్లేడాకుల్లో కొరికినది ఒక్కటీ లేదు. పొదకు అల్లుకున్న దొండతీగ మాత్రం ఆకుల్లేక బోసిగా వేలాడుతోంది.

"ఏం తిన్నట్టు?" అని అడిగారు తాతయ్య.

"దొండాకు."

"పక్కానా?"

కర్రతో మళ్లీ ప్రతి ఆకూ తిప్పి చూశాను. "పక్కా."

ఇంటికి రాగానే చెంబు నేనే ఖాలా చేతికిచ్చాను. తమ్ముడు ఆబగా తాగి, మూతి తుడవకముందే నిద్రపోయాడు. "ఇగ నా బక్రీకి మాఫీ చెప్పు," అంది ఖాలా. వెళ్లి దాని మెడ కావలించుకుని చెప్పాను.

జిల్లేడాకు తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకునే గొంగళిపురుగులు నిజంగానే ఉన్నాయని తరువాత చదువుకున్నాను. మేక ఆ రోజు జిల్లేడే తిని ఉంటే పాలు ఏమయ్యేవో మాత్రం ఊహించి చెప్పను. తాతయ్య నా భయాన్ని కొట్టిపారేయలేదు, దానికి తల ఒగ్గనూ లేదు. దాని చెయ్యి పట్టుకుని పొద దాకా నడిపించారు. నేటికీ ఎవరైనా వణుకుతూ ఒక మాట మోసుకొస్తే, అది వట్టి పుకారని తోచినా, వెంటనే కాదనను. "ఎక్కడ చూశావు?" అని అడిగి, చెప్పులు వేసుకుంటాను.