విదోసవని కూమని చేసుకున్న సంగతి

విదోసవ గురించి చెప్పమంటే ఎంతసేపైనా చెప్తాను. మధ్యలో నా సంగతి వచ్చేసరికే నోరు పెగలదు. అయినా చెప్పేస్తాను. మా లెస్కోవాత్స్ ఊళ్లో సగం మందికి ఎలాగూ తెలుసు, మిగతా సగం ఊహించుకుంటున్నది ఇంకా ఘోరంగా ఉంది.

ఆవిడ ముప్పై రెండేళ్లు బడిలో వంట చేసింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. పని మానేశాక ఒకరోజు పాత విద్యార్థిని ఎవరో ఫోన్ చేసి, "పిన్నీ, బళ్లో చిక్కుడుగింజల పులుసు పెట్టేదానివే, అదెలా చేస్తావు?" అని అడిగింది. నోటితో చెప్పడం చేతగాక, ఫోన్ పంచదార డబ్బాకి ఆనించి వండి చూపించింది. ఆ పిల్ల దాన్ని తీసుకెళ్లి నెట్‌లో పెట్టింది. రెండేళ్లు తిరిగేసరికి విద పిన్ని వీడియోలు చూసేవాళ్లు లక్షా నలభై వేల మంది. ఆవిడ ఇంట్లో ఎడమవైపు పొయ్యి వెలగదని వాళ్లందరికీ తెలుసు. నచ్చని సరుకు ఎవరు పంపినా, "ఇది మా కుక్కకి కూడా పెట్టను" అని మొహం మీదే అనేసేది. అందుకే నమ్మేవాళ్లు.

మా అన్న చాస్లవ్‌దీ నాదీ ఐవార్ అనే ఎర్రమిరప పచ్చడి తయారీ. సెప్టెంబరొస్తే మా వీధంతా కాల్చిన ఎర్రమిరప వాసనే. కారం లేని పెద్ద కాయలు. నిప్పుల మీద నల్లగా కాల్చి, తొక్క ఒలిచి, రుబ్బి, నూనెలో గంటలకొద్దీ కలియబెట్టాలి. నీళ్లలో వేస్తే తొక్క చిటికెలో ఊడొస్తుంది, దాంతోపాటు రుచీ పోతుంది. అందుకని పదిమంది ఆడవాళ్లు పొడిచేతులతో ఒలిచేవాళ్లు. వాళ్లలో పెద్దది మిలుంక.

విద పిన్నిని వెతికి పట్టుకొచ్చింది నేనే. మా సీసా మూత తీసి వాసన చూసి, "బాగుంది. ఒలిచినవాళ్లని చూపించు" అంది. చూపిస్తే ఊరుకుందా? సంచిలోంచి ఏప్రాన్ తీసి కట్టుకుని, మిలుంక పక్కన పీట వేసుకుని పొద్దుగూకేదాకా ఒలిచింది. మర్నాడు వీడియోలో మసిపట్టిన వేళ్లు చూపించి, "నీళ్లు తగల్లేదమ్మా, నేను చూశాను" అంది. వారం తిరక్కుండా మా గోదాము ఖాళీ.

అక్కణ్ణుంచి అన్నకి ఒకటే బెంగ. "ఇవాళ మన సీసా పట్టుకుంది, రేపు ఇంకోడి సీసా పట్టుకోదని నమ్మకమేంటే యాగొదా? బెల్‌గ్రేడ్ వాళ్లు ఆవిడ చుట్టూ తిరుగుతున్నారట. కాగితం రాయించు."

"రాయదన్నయ్యా. నచ్చినన్నాళ్లు చెప్తాను, నచ్చనినాడు మానేస్తాను, దానికి సంతకం దేనికీ అంటోంది."

అప్పుడు నాకు ఏడో నెల. వాడు నా కడుపు వంక చూశాడు. "అయితే కూమని చేసుకో."

ఛీ, అవేం మాటలు అన్నాను. అన్నాను గానీ, రాత్రంతా అదే ఆలోచన. బాప్టిజం నాడు బిడ్డని ఎత్తుకుని పేరు పెట్టే మనిషి మాకు కూమ. ఆపైన బిడ్డ తల్లీ ఆవిడా ఒకరినొకరు కూమా అనే పిలుచుకుంటారు. మా దగ్గర తోడబుట్టినవాళ్లతో మాటలు మానేసినవాళ్లున్నారు గానీ కూమతో మానేసినవాళ్లు లేరు. కూమగా ఉండమని అడిగితే కాదనడం పాపం. ఉన్నాక, నలుగురిలో ఒకరినొకరు పల్లెత్తు మాట అనకూడదు. ఇంతకంటే గట్టి కాగితం ఏ వకీలు రాస్తాడు? మా ఆయన వాళ్లకి తరాలుగా వస్తున్న కూమ ఇల్లు ఒకటుంది, రివాజు ప్రకారం వాళ్లనే అడగాలి. వాళ్లని పక్కనపెట్టి, రొట్టె, వైన్ సీసా పట్టుకుని విదోసవ గుమ్మం ఎక్కాను.

ఏప్రాన్ అంచుతో కళ్లు తుడుచుకుంది. "నన్నా? నేనెవరినమ్మా మీకు?" అంది.

అక్కడే సిగ్గుతో చచ్చిపోవాల్సింది. చావలేదు. "నువ్వే కావాలి కూమా" అన్నాను. అంతవరకూ ఆవిడని మీరు అనేదాన్ని.

పాపకి దూన్య అని ఆవిడే పేరు పెట్టింది. ఆ సెప్టెంబరులో ఎనిమిది నెలల పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని మరీ కాయలు ఒలిచింది. ఆ పై ఏడు ఎవరో పెద్ద దుకాణాలవాళ్లు మూడింతల సరుకు అడిగారు. చేతులతో ఎక్కడవుతుంది? ఎక్కడో యంత్రాలతో కడిగి రుబ్బిన ముద్దని పీపాల్లో తెప్పించాడు మా అన్న. పదిమందినీ ఇంటికి పంపేశాడు. నేను అడ్డం చెప్పలేదు. పైగా ఫోన్ చేసి, "ఈ ఏడు రాకు కూమా, గచ్చు తవ్వించాం, అంతా దుమ్ము. నిరుటి వీడియో ముక్క పంపుతాను, అదే పెట్టు" అన్నాను.

పెట్టింది. ఒక్క ప్రశ్న వేస్తే ఒట్టు. "నీళ్లు తగల్లేదమ్మా" అంది, ఎప్పటిలాగే. ఈసారి చూడకుండా.

ఆ వీడియో కింద మిలుంక రాసింది: "మేం పదిమందీ ఆగస్టు నుంచి ఇంట్లోనే ఉన్నాం పిన్నీ. మరి ఒలిచిన చేతులెవరివి?"

విదోసవ వెంటనే నాకు ఫోన్ చేసింది. "ఏమిటే ఇది?"

నిజం చెప్పడానికి దేవుడిచ్చిన అదను అది. నా బుద్ధి గడ్డి తింది. "దొంగతనం చేస్తే తీసేశాం కూమా, ఆ కడుపుమంటతో రాస్తోంది" అన్నాను. మిలుంక! నా పెళ్లికి పిండివంటలు చేసిన మనిషి. తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం నేనే అద్దంలో చూసుకోలేను.

విదోసవ మిలుంకకి అందరూ చూసేలా జవాబు రాసింది: "నా కూమ నాకు అబద్ధం చెప్పదు. చేసిన తప్పు కప్పుకోవడానికి ఇంకొకరి మీద బురద చల్లకు." లక్షా నలభై వేల మంది చదివారు. మిలుంక రొట్టెల దుకాణానికి వెళ్లడం కూడా మానేసిందట.

నాలుగో రోజు పొద్దున్నే గేటు దగ్గర విదోసవ కనిపించింది. చేతిలో సంచి, సంచిలో ఏప్రాన్. "గచ్చు అయిపోయి ఉంటుందిగా, ఒక చెయ్యి వేద్దామని వచ్చా" అంది. ఆపలేకపోయాను. లోపల పీపాలు, ఒక మూలన బోర్లించిన పది పీటలు. ఒక పీపా మూత ఎత్తి, వేలు ముంచి నాకింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పీట ఒకటి తిరగేసి, కాసేపు కూర్చుని, లేచి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం వీడియో మిలుంక వాకిట్లోంచి వచ్చింది. "చూడకుండానే చూశానన్నాను. ఈవిడ నిజం చెబితే నింద వేశాను. తప్పు నాది, ఇంకెవరిదీ కాదు" అని, కెమెరా ముందు మిలుంక చెయ్యి ముద్దుపెట్టుకుంది. నా పేరెత్తలేదు. నా పేరెందుకు చెప్పలేదో ఊళ్లో అందరికీ అర్థమైంది. దుకాణాలవాళ్లు సరుకు తిప్పి పంపేశారు.

జనవరిలో దూన్య రెండో పుట్టినరోజు. విదోసవ మొహం చూపించదనుకున్నాను. వచ్చింది. మా రివాజు ప్రకారం అందరికీ మూడుసార్లు బుగ్గల మీద ముద్దుపెట్టింది, నాక్కూడా. పాపకి ఉన్నిటోపీ తెచ్చింది, కాగితం అంటించని ఐవార్ సీసా ఒకటి తెచ్చింది. "మిలుంకా నేనూ చేశాం, పిల్ల కోసం" అంది. దూన్య రొట్టెకి రాసుకుని, మూతంతా ఎర్రగా చేసుకుని, ఇంకా కావాలని గోల పెట్టింది. మా సీసాలన్నీ పొద్దున్నే అలమరలో దాచేశాను.

అన్న నన్ను వంటింట్లోకి లాగాడు. "ఒక్క వీడియో అడగవే. నువ్వడిగితే కాదనలేదు."

సిగ్గులేనిదాన్ని, వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటోంది.

"కూమా, ఒక మాట..."

"అడుగు" అంది, తలెత్తకుండా. "కూమ అడిగితే కాదనకూడదుగా. అందుకేగా నన్ను ఏరుకున్నావు."

"నీకెప్పుడు తెలిసింది?"

"రొట్టె పట్టుకుని వచ్చిననాడే. మీ ఆయనవాళ్లకి కూమ ఇల్లుండగా, నా దగ్గరికి ఎందుకొస్తావే? బళ్లో ముప్పై రెండేళ్లు వడ్డించాను. ఇంకో గరిటె కోసం నవ్వే పిల్లలెవరో నాకు తెలీదా?" బూటు తాడు ముడివేసింది. "పోనీలే, ఎలాగో ఒకలా ఒక బిడ్డ నా చేతుల్లోకి వస్తోంది కదా అనుకున్నా. ఊఁ, అడుగు."

లోపల్నుంచి దూన్య "విదా! విదా!" అని అరుస్తోంది.

"ఏం లేదు కూమా" అన్నాను. "మెట్ల మీద మంచుంది. జారతావేమో."

చెయ్యి అందించాను. కాసేపు దాని వంక చూసి, పట్టుకుంది.