మా తూము మీద ఎర్ర చుక్క

సగం జిందగీ విదేశీ విలేకరిగా గడిపిన. మోకాళ్లు అరిగినంక ఢిల్లీల ఒక సంస్థ నన్ను పిలిచి ఘర్షణల పరిశోధకుణ్ణి చేసింది. తేడా పెద్దగా లేదు. విలేకరి పోయి చూసి తప్పు రాస్తడు, పరిశోధకుడు పోకుండనే రాస్తడు. దాన్ని విధాన విశ్లేషణ అంటరు. నిజామాబాద్‌ల మా ఇంటి మేడ మీద కూసొని, కింద పోపు పెట్టిన చప్పుడు వింటూ, సగం ప్రపంచానికి సంధి మార్గాలు చూపెడుతుంట.

మా సంస్థకు ఇంటర్నెట్ల ఒక పటం ఉంది. ఏడ ఘర్షణైతే ఆడ ఎర్ర చుక్క. చూస్తే భూగోళానికి అమ్మవారు పోసినట్టే ఉంటది.

చెరుకు కొట్టే కాలం ముంగట బోధన్ దగ్గరి మా ఊరి నుంచి అన్న ఫోన్ చేసిండు.

“తమ్మీ, మహారాష్ట్ర నుంచి చెరుకు కొట్టేటోళ్లు రారట. మీ ఊర్ల లడాయి నడుస్తుందట గదా అంటుండు వాళ్లను తోలుకొచ్చే ముకద్దం. చెరుకంత నిలవడి ఎండుతది.”

“ఏం లడాయే?”

“నాకేం ఎర్క? మీ ఆఫీసు పటంల ఉందట, ఆయన ఫోన్ల చూసిండట.”

చూస్తే నిజమే. నిజాంసాగర్ కాలువ మీది మా తూము కాడ ఎర్ర చుక్క. ‘నీటి కోసం రెండు వర్గాల సాయుధ ఘర్షణ.’ ఒక వర్గం మా అన్న. రెండో వర్గం పక్క చేను ఆయన. ఇద్దరూ విత్తనం చెరుకు కొట్టుడు ఆపి, నీళ్ల వంతు కోసం తూము కాడ తిట్టుకున్నరు. చేతుల కత్తులుండె. చెరుకును గరిటెతోని కొట్టరు గదా. పేపరోడు ‘కత్తులు’ అని రాసిండు, మా ఢిల్లీ మేధావి దాన్ని ‘సాయుధ’ చేసిండు. ఇంకో వారమైతే యుద్ధవిమానాలు దిగేటివి.

ఊరికి పోయి, ఆడి నుంచే మా డైరెక్టర్‌కు ఫోన్ చేసిన. కరెంటు పోతే ప్రభుత్వం కూలిందనుకునేటంత నిపుణుడాయన.

“సార్, కొట్లాడినోళ్లు ఒకే మంచం మీద కూసొని చాయ్ తాగుతున్నరు. మాట్లాడిస్త, చుక్క తీసెయ్యిండ్రి.”

“ఘర్షణ పక్షాల మాట ఆధారం కాదు. పైగా మీరు ఒక పక్షానికి తమ్ముడు.”

ఇగ విశ్లేషణను అటక మీద పడేసి, ముకద్దంకే ఫోన్ కలిపిన. “ఎవ్వల్ని నమ్మకు. వచ్చి నీ కండ్లతోని సూడు.”

ముకద్దం మోటర్‌సైకిల్ మీద మంజీర నది దాటొచ్చిండు. తూము కాడ మా వర్గాలు రెండూ మళ్ల షురూ చేసినయి.

“చుక్క నీ చేన్లనే ఉంది, నువ్వే తీపియ్యి.”

“తమ్ముడు నీవోడాయె, నేనేడ తీపియ్యాలె?”

ముకద్దం జరసేపు విన్నడు. “పటేలా, గిదేనా లడాయి? మా ఇంట్ల చాయ్‌ల చక్కెర తక్కువైతే ఇంతకంటె పెద్దదైతది,” అని రెండ్రోజులల్ల మనుషుల్ని దింపిండు. చెరుకు కొట్టుడు మొదలైంది.

గీ సంగతి ఆఫీసుకు రాసిన. తెల్లారేసరికి చుక్క ఆకుపచ్చగైంది. ‘సరిహద్దు అవతలి మధ్యవర్తి చొరవతో శాంతి.’ డైరెక్టర్ మురిసిపోయి, దీని మీద విదేశాల ఉపన్యాసమియ్యమన్నడు.

అన్నకు చెప్పిన.

“పో తమ్మీ. పొయ్యినోడివి గా నీళ్ల వంతు ఎవలిదో గూడ అడిగిరా. గది ఇంకా తెగలే.”