కాలవలో రజను

రోజూ కొట్లు తెరవకముందే మునెమ్మ ఆండర్సన్‌పేటలో దొడ్డయ్య నగల కొట్టు ముందు కూర్చుని, మురికికాలవ బురదను రేకు పళ్ళెంలో కడిగి బంగారు రజను ఏరేది. బంగారు గనిలో పనిచేసిన మామ నేర్పిన పని అది. ఆ రజనుతోనే ఇల్లు గడిచేది. కొట్టునుంచి రజనుతోపాటు వచ్చే యాసిడ్ నీళ్ళకు వేళ్ళు పుండ్లుపడితే మునిసిపాలిటీలో మొరపెట్టుకుంది. యాసిడ్ కాలవలోకి వదలకూడదని రూలు చూపించి అధికారి కొట్టు గొట్టం మూయించాడు. దొడ్డయ్య ఆ నీళ్ళను డ్రమ్ములో పట్టి, అడుగున తేరిన రజను తానే తీసుకోసాగాడు. వారంపాటు ఉత్త బురద కడిగాక మునెమ్మ అతని ముందు నిలబడింది.

"చేతులు కాలితే కాలనీ, మళ్ళా కాలవలోకే వదులప్పా."

"రూలు ఉండాది కదమ్మా, నువ్వే కదా చెప్పించినావు! ఇంగ కాలవ శుభ్రంగా ఉండాది, చేతులు కడుక్కో," అని నవ్వాడు దొడ్డయ్య.

ఇప్పుడామె హోటల్లో గిన్నెలు తోముతోంది. సబ్బునీళ్ళలో నాని, పుండ్లు ఇంకా మానలేదు.